మూలచిత్రం ఎవరిది?

కథల పత్రికలో ఒక బొమ్మను చూసినప్పుడు దానిని చిత్రకారుడు గీసిన బొమ్మ అనే మనం అనుకొంటాం. నిజానికి మన చేతిలో ఉన్నది యంత్రం తీసిన వేలాది ప్రతులలో ఒకటి మాత్రమే. చిత్రకారుని కుంచె తాకిన కాగితం వేరొకటి ఉంటుంది. దానినే మూలచిత్రం అంటారు. బొమ్మల కథలకు, పిల్లల పత్రికలకు గీసిన మూలచిత్రాలను సేకరించడం, కొనడం, అమ్మడం నేడు కొన్ని దేశాలలో కోట్ల రూపాయల వ్యాపారం. ఒకప్పుడు అవే కాగితాలను చిత్తుకాగితాలలో కలిపివేసేవారు. ఈ మార్పుతో పాటే ఒక చిక్కు ప్రశ్న కూడా పుట్టింది. ఆ కాగితం ఎవరిది?

ముందుగా ఆ కాగితం ఎలా తయారయ్యేదో తెలుసుకోవాలి. చిత్రకారుడు దళసరి కాగితంపై పెన్సిలుతో రూపురేఖలు గీసుకొని, వాటిపై నల్ల సిరాతో దిద్దేవాడు. అచ్చులో కనిపించే పరిమాణం కన్న పెద్దదిగా గీయడం వాడుక. తగ్గించి ఫొటో తీసినప్పుడు చేతి వణుకు కనపడక, గీత పదునుగా వస్తుంది. పొరపాటు జరిగిన చోట తెల్లరంగు పూసేవారు. అచ్చులో ఆ మచ్చ కనపడదు. బొమ్మను ఎంత తగ్గించాలో, ఏ పుటలో వేయాలో అంచులలో రాసేవారు. తరువాత దానిని ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, ఆమ్లంతో కొరికించి ‘బ్లాకు’ తయారుచేసేవారు. బ్లాకు సిద్ధమైన పిమ్మట మూలచిత్రం గతి పెళ్ళి ముగిసిన ఇంటి ముందరి పందిరి గతియే. దానితో ఇక ఎవరికీ పని లేదు.

తెలుగువారికి ఈ విషయం చెప్పేటప్పుడు ‘చందమామ’ను తలచుకోక తప్పదు. బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో ప్రారంభించిన ఈ పత్రిక మొదట తెలుగు, తమిళ భాషలలో, క్రమంగా మరెన్నో భాషలలో వెలువడింది. మాటలు భాషకొక తీరుగా మారినా బొమ్మలు మాత్రం అన్నింటికీ అవే. శ్రీకాకుళంలో 1921లో జన్మించి, కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసిన వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రాలను తెలుగు రాని పిల్లలు కూడా గుర్తుపట్టేవారు. శవాన్ని భుజాన వేసుకొని, కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుని బొమ్మ తమిళుడైన శంకర్ చేతి చలువ. ఆయన 1952 నుండి సుమారు ఆరు దశాబ్దాలు ఆ పత్రికకు బొమ్మలు వేసి, 2020లో కన్నుమూశారు. చందమామ 2007లో ముంబయి సంస్థ ఒకదాని చేతికి వెళ్ళింది. 2013 నాటికి దాని ప్రచురణ ఆగిపోయింది. అచ్చయిన సంచికలను పాఠకులు ఇంటింటా దాచుకొన్నారు. కాని మూలచిత్రం ఒక్కటే గనుక దానిని దాచుకొనే అవకాశం అందరికీ ఉండదు. ఒక్కచోట పోతే అది శాశ్వతంగా పోయినట్లే.

ఇప్పుడు ఒక ఉదాహరణను ఊహించుకొందాం. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని వసతిగృహంలో ఉండే ఒక విద్యార్థి ఆదివారం నాడు తార్నాకలో బస్సెక్కి ఆబిడ్స్‌కు వెళ్ళాడు. అక్కడి కాలిబాటల మీద ఆదివారాలలో పాత పుస్తకాలు అమ్ముతారన్న సంగతి నగరవాసులకు తెలిసినదే. అతడు కొన్న పాత పత్రికల కట్టలో ఒక దళసరి కాగితం మడత కనిపించింది. విప్పి చూస్తే రాజు, రథం, గుర్రాలు. అడుగున ఒక పేరున్న చిత్రకారుని సంతకం.

అది మూలచిత్రమేనా అన్నది మొదటి సందేహం. దీనికి ఒక భూతద్దం చాలు. అచ్చు బొమ్మలోని ఛాయలను భూతద్దంతో చూస్తే అవి సన్నని చుక్కలుగా విడిపోతాయి. మూలచిత్రంలో చుక్కలు ఉండవు. సిరా చిక్కబడిన చోటు, కుంచె ఆగిన చోటు స్పష్టంగా తెలుస్తాయి. గీతల క్రింద చెరిపివేసిన పెన్సిలు జాడ, తెల్లరంగు దిద్దుబాటు, అంచులలో ముద్రణాలయం వారి కొలతలు కనబడితే నమ్మకం పెరుగుతుంది. సంతకాన్ని మాత్రమే నమ్మకూడదు. బాపు అక్షరాలను కంప్యూటరులో సైతం వాడుకొంటున్న ఈ కాలంలో సంతకాన్ని అనుకరించడం ఏమంత కష్టం? ఆ బొమ్మ అచ్చయిన సంచికను వెదకి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం మేలు. అచ్చులో లేని వివరం ఏదైనా కాగితం మీద ఉంటే అది పెద్ద సాక్ష్యం.

రెండవ సందేహం మరింత చిక్కైనది. కాగితం వేరు, దానిపై గల బొమ్మ హక్కు వేరు. కాగితం న్యాయంగా చేతికి వచ్చినదైతే దానిని గోడకు తగిలించుకోవచ్చు, మరొకరికి అమ్ముకోవచ్చు. ఎవరి ఇంటనో, ఏ కార్యాలయంలోనో దొంగిలించినదైతే డబ్బు ఇచ్చి కొన్నంత మాత్రాన అది మనది కాదు. అందుకే అనుభవం గల సేకర్తలు ధర కన్న ముందు ‘ఇది మీకు ఎక్కడిది?’ అని అడుగుతారు. ఇక ఆ బొమ్మను ఫొటో తీసి, చొక్కాల మీద అచ్చువేసి కళాశాల ఉత్సవంలో అమ్మే హక్కు కాగితంతో పాటు రాదు. చిత్రకారుని జీవితకాలం, ఆపైన అరవై సంవత్సరాలు ఆ హక్కుకు రక్షణ ఉంటుంది. వడ్డాది పాపయ్య 1992లో మరణించారు గనుక ఆయన చిత్రాలకు 2052 చివరి వరకు, 2014లో మరణించిన బాపు చిత్రాలకు 2074 చివరి వరకు ఈ రక్షణ వర్తిస్తుంది.

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలో ఎక్కువమందికి తెలియని నిబంధన ఒకటి ఉంది. 1994లో చట్టాన్ని సవరించి 53-ఎ అనే సెక్షనును చేర్చారు. మూలచిత్రం పదివేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడుపోతే, హక్కుకు తొలి యజమాని అయిన చిత్రకారునికి గాని, ఆయన వారసులకు గాని ఆ ధరలో వాటా రావాలి. అది పదిశాతానికి మించరాదు. మన విద్యార్థి తన బొమ్మను నలభైవేలకు అమ్మితే నాలుగువేల వరకు ఆ కుటుంబానికి చెందవచ్చునన్న మాట. చిత్రకారుడు పత్రికలో జీతగాడైతే ఎలా? వేరే ఒప్పందం లేనప్పుడు పత్రికలలో ప్రచురించే హక్కు వరకే యజమానిది, మిగిలిన హక్కులు చిత్రకారునివే అని చట్టం చెబుతుంది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, పాత కాగితాల బేరంలో ఈ వాటాను గుర్తుంచుకొనేవారు అరుదు. బొమ్మ గీసిన నాడు దక్కిన స్వల్ప పారితోషికమే చిత్రకారునికి మొదటిదీ చివరిదీ అవుతున్నది.

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన అన్యాయం కాదు. అమెరికాలో ఎందరో వీరుల పాత్రలకు రూపమిచ్చిన జాక్ కర్బీ తాను గీసిన పుటల కోసం మార్వెల్ సంస్థతో ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. ఆయన ఆ సంస్థకు పదివేలకు పైగా పుటలు గీశారని అంచనా. 1987లో తిరిగి దక్కినవి సుమారు 1,900 మాత్రమే. మైక్ జెక్ గీయగా 1984లో అచ్చయిన స్పైడర్‌మాన్ కథలోని ఒకే ఒక్క పుట 2022 జనవరిలో 33.6 లక్షల డాలర్లకు, అంటే సుమారు 25 కోట్ల రూపాయలకు వేలంలో అమ్ముడుపోయింది.

ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి చదివేవారికి టిన్‌టిన్ పరిచితుడే. బెల్జియం చిత్రకారుడు హెర్జే 1936లో ‘నీలి తామర’ కథకు ఒక ముఖచిత్రం వేశాడు. అన్ని రంగులలో అచ్చువేయడం ఖర్చుతో కూడిన పని అని దానిని పక్కన పెట్టారు. ప్రచురణకర్త ఇంటి ఏడేళ్ళ బాలునికి హెర్జే దానిని ఇచ్చాడని, ఆ కుర్రవాడు మడిచి సొరుగులో పడవేశాడని అమ్మకందారులు చెప్పిన కథ. 2021 జనవరిలో పారిస్ వేలంలో అది సుమారు 32 లక్షల యూరోలు పలికింది. అంత ధరలోనూ ఆ మడతల గుర్తులు కాగితం మీద అలాగే ఉన్నాయి!

తెలుగు చిత్రాలకు ఇటువంటి వేలం సంత ఏర్పడలేదు. కనుక ఇక్కడ ధర అంటే ఇద్దరి మధ్య కుదిరిన మాటే. ధర తెలియని వారి నుండి కారుచౌకగా కొనడం తెలివి అనిపించుకోవచ్చును గాని, చిత్రకారుని కుటుంబం వద్ద ఆ పని చేయడం మర్యాద కాదు.

తార్నాక గదికి తిరిగి వచ్చిన విద్యార్థి తెలియక చేయగల హాని మరొకటి ఉంది. ముచ్చటపడి లామినేషను చేయిస్తే ఆ వేడికి, జిగురుకు కాగితం మరి తిరిగి రాదు. అంటుకొనే ప్లాస్టిక్ టేపు కొన్నేళ్ళకు పసుపుపచ్చని మరకగా మిగులుతుంది. ఎండ తగిలే గోడ మీద నీటిరంగులు వెలిసిపోతాయి. ఆమ్లం లేని కాగితాల నడుమ బల్లపరుపుగా ఉంచి, తేమ, చెదలు చేరని చోట దాచితే చాలు. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఈనాటి చిత్రకారులలో పలువురు కంప్యూటరు తెర మీదనే గీస్తున్నారు. అక్కడ పెన్సిలు జాడ లేదు, తెల్లరంగు మచ్చ లేదు, చేతితో పట్టుకోదగిన మూలచిత్రమే లేదు. అందువల్ల కొందరు అచ్చుప్రతికే సంతకం చేసి, దాని మీద సంఖ్య వేసి అమ్ముతున్నారు. సిరాతో కాగితం మీద గీసే అలవాటు మానని వారు మాత్రం పని ముగిసిన పుటను తమ వద్దనే దాచుకొంటున్నారు.