పేరు తేలకముందే స్టీరాయిడా?

గుండెపోటేనని హడావిడిగా యాంజియోగ్రామ్ చేస్తారు. రక్తనాళాలు శుభ్రంగా ఉంటాయి, రక్తంలో ట్రోపోనిన్ మాత్రం పెరిగి ఉంటుంది. అప్పుడు అనుమానం గుండె కండరం వాపు మీదికి, అంటే మయోకార్డైటిస్ మీదికి మళ్లుతుంది. వైరస్ వల్ల వచ్చిందైతే చాలామందికి విశ్రాంతితో, మామూలు మందులతో తగ్గిపోతుంది. చిక్కంతా మరో మూడింటితోనే: సార్కాయిడోసిస్ (రోగనిరోధక కణాలు చిన్నచిన్న గడ్డలుగా చేరే జబ్బు), టీబీ, జెయింట్ సెల్ మయోకార్డైటిస్. మూడింటిలోనూ గుండె లయ తప్పవచ్చు, హార్ట్ బ్లాక్ రావచ్చు, పంపింగ్ పడిపోవచ్చు. వైద్యం మాత్రం ఒకటి కాదు. సార్కాయిడోసిస్‌కు మొదటి మందు స్టీరాయిడ్. టీబీ రోగికి అదొక్కటే ఇస్తే క్రిములకు తలుపు తీసినట్టే. టీబీ ఎక్కువగా ఉన్న ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో, రోగి పరిస్థితి ఆగనిస్తే, ముక్క పరీక్ష (బయాప్సీ) కోసం గట్టిగా ప్రయత్నించాకే స్టీరాయిడ్ రాయాలన్నది నా వాదన.

పెట్ స్కాన్ ఉండగా ముక్క ఎందుకని అడగవచ్చు. ఆ స్కాన్‌కు తయారీయే ఒక పరీక్ష. స్కాన్ కోసం ఎక్కించే చక్కెరను వాపున్న కణాలే కాక ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా పీల్చుకుంటే బొమ్మ పాడవుతుంది కాబట్టి ముందురోజు రొట్టె, అన్నం, పాలు, పంచదార చాయ్ అన్నీ బంద్. గుడ్లు, నెయ్యిలో వేయించిన మాంసం, శాకాహారులకు పనీర్. ఆపైన రాత్రంతా ఉపవాసం. మొహమాటానికి తిన్న ఒక్క ఆలూ పరాఠా చాలు, స్కాన్ వృథా కావడానికి. ఇంతా చేశాక వాపున్న చోటు వెలుగుతుంది నిజమే. కానీ సార్కాయిడ్ గడ్డా వెలుగుతుంది, టీబీ గడ్డా వెలుగుతుంది. స్కాన్ చోటు చూపిస్తుంది, పేరు చెప్పదు.

పేరు మైక్రోస్కోపు కింద తెలుస్తుంది. టీబీ గడ్డ నడిమి భాగం తరచుగా జున్నులా కుళ్లి ఉంటుంది. సార్కాయిడోసిస్‌లో కుళ్లు లేని గట్టి గడ్డలు, పక్కనే మచ్చకట్టిన కణజాలం. జెయింట్ సెల్ జబ్బులో పొందికైన గడ్డలే ఉండవు; చచ్చిపోతున్న కండర కణాల మధ్య పెద్దపెద్ద కణాలు చెదిరి ఉంటాయి. కుళ్లు కనిపించని టీబీ కూడా ఉంటుంది కనుక ఆ ముక్కకే కల్చర్, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్ష కూడా చేయించాలి.

గుండెలోంచి ముక్క తీయడం ప్రమాదం కాదా? చేయి తిరిగినవారి దగ్గర పెద్ద చిక్కులు నూటికి ఒకరికి అటూఇటూ. అంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది: సార్కాయిడోసిస్ గుండెలో అక్కడక్కడే ఉంటుంది, అందుకే ముక్క తీసే పరికరం చాలాసార్లు గురి తప్పుతుంది. కానీ ముక్క గుండెలోంచే రావాలని లేదు. హైదరాబాద్ కేర్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనంలోని రోగులకు ప్రమాదకరమైన గుండె దడ ఉంది, పంపింగ్ బాగానే ఉంది; ఛాతీలో లింఫ్ గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. అలాంటి గ్రంథిలోంచి ముక్క తీయవచ్చు. ఆ ముక్క ఒక్కటే గుండె జబ్బును రుజువు చేయదు గానీ, స్కాన్‌తో కలిపి చూస్తే దారి చూపుతుంది.

టీబీ మందులూ స్టీరాయిడూ కలిపి ఇచ్చేస్తే పోలా అనేవారున్నారు. టీబీ మందు రిఫాంపిసిన్ స్టీరాయిడ్‌నూ, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్‌నూ కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. రెండో వైద్యం నీరుగారుతుంది. జెయింట్ సెల్ రోగికైతే అలా నీరుగారిన వైద్యంతో గడిపే వ్యవధి లేదు. 1997లో వెలువడిన 63 మంది రోగుల అధ్యయనంలో లక్షణాలు మొదలయ్యాక సగం మంది అయిదున్నర నెలల్లోపే మరణించారు లేదా గుండె మార్పిడికి వెళ్లారు. ఆ గడువు మందుల్లేనివారికి 3 నెలలు, స్టీరాయిడ్ ఒక్కటే వాడినవారికి 3.8. సైక్లోస్పోరిన్ వంటివి కలిపినవారికి 12.3.

మార్పిడి సంగతీ చెప్పుకోవాలి. దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లోనే జరిగింది. చేసింది మన రాజమండ్రి బిడ్డ డాక్టర్ వేణుగోపాల్. అయితే గుండె మార్చినా జబ్బు పేరుతో పని తీరదు. జెయింట్ సెల్ కొత్త గుండెలోనూ తిరగబెట్టగలదు; శరీరం కొత్త గుండెను తిరస్కరిస్తోందేమో చూడటానికి తీసే ముక్కల్లోనే వైద్యులు దీన్నీ వెతుకుతారు.