మంత్రే... కానీ సహాయ మంత్రి!

ఊరి పొలిమేరలో ఫ్లెక్సీ. దానిమీద చేతులు జోడించి నవ్వుతున్న నిలువెత్తు బొమ్మ. కింద పెద్దపెద్ద అక్షరాల్లో 'కేంద్ర మంత్రివర్యులకు ఘన స్వాగతం'. అందులో ఒక్క మాట మాత్రం ఎప్పుడూ కనిపించదు... 'సహాయ'! దండలేసే అభిమానులకు ఆ మాటతో పనిలేదు. అర్జీ పట్టుకుని ఎండలో నిలబడ్డవాళ్లకు మాత్రం ఉంటుంది. వాళ్ల కాగితం ఢిల్లీలో ఎంతదూరం వెళ్తుందో తేల్చేది చాలాసార్లు ఆ మూడక్షరాలే మరి!

ప్రమాణం ఒకటే... హోదాలు వేరు

రాష్ట్రపతి భవన్‌లో మంత్రుల ప్రమాణ స్వీకారం టీవీలో చూసే ఉంటారు. హోంమంత్రి చదివేదీ, చిట్టచివర వచ్చిన సహాయ మంత్రి చదివేదీ ఒకటే ప్రమాణం. ఒక్క అక్షరం తేడా ఉండదు. జీతం కూడా అందరికీ ఎంపీ జీతమే. వచ్చినవాళ్లకు కాఫీ, ఫలహారాలిచ్చే అతిథి మర్యాదల భత్యం మాత్రం కేబినెట్ మంత్రికి కాస్త ఎక్కువ. మరి తేడా ఎక్కడ? పనిలో!

కేంద్రంలో మూడు మెట్లున్నాయి. పై మెట్టు కేబినెట్ మంత్రిది. ప్రధానితో కలిసి కూర్చుని నిర్ణయాలు తీసుకునేది వీళ్లే. రెండోది స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రిది. పేరుకు సహాయ మంత్రే అయినా ఆ శాఖకు ఆయనే పెద్ద. ఆయన సంతకం చేశాక పైన మరో మంత్రి చూడక్కర్లేదు. తన శాఖ సంగతి చర్చకు వచ్చినప్పుడు కేబినెట్ సమావేశానికీ పిలుపొస్తుంది. మూడో మెట్టు ఉత్త సహాయ మంత్రిది. ఈయన పైన ఒక కేబినెట్ మంత్రి ఉంటారు. నెహ్రూ కాలంలో వీళ్ల కింద ఉప మంత్రులనే నాలుగో మెట్టు కూడా ఉండేది. తారకేశ్వరీ సిన్హా ఆర్థిక శాఖ ఉప మంత్రిగానే పేరు తెచ్చుకున్నారు. ఇటీవలి కేంద్ర ప్రభుత్వాల్లో ఆ పదవి కనిపించడంలేదు.

2024 జూన్ 9న ప్రధానితో కలిపి 72 మంది ప్రమాణం చేశారు. వాళ్లలో కేబినెట్ మంత్రులు 30 మంది, స్వతంత్ర హోదా ఉన్నవాళ్లు ఐదుగురు, సహాయ మంత్రులు 36 మంది. అంటే సరిగ్గా సగం!

పని ఎవరిస్తారు?

రాజ్యాంగంలోని 77వ అధికరణం ప్రకారం మంత్రుల మధ్య పని పంపకానికి నియమాలు చేసేది రాష్ట్రపతి. ఆ నియమాలు 1961 జనవరిలో వచ్చాయి. ఎన్నోసార్లు సవరించినా ఇప్పటికీ అవే ఆధారం. ఏ విషయం ఏ శాఖ కిందికి వస్తుందో వాటిలో పూసగుచ్చినట్టు ఉంటుంది. ఏ శాఖ ఎవరిదన్నది ప్రధాని సలహాపై రాష్ట్రపతి ప్రకటిస్తారు. అక్కడితో ఢిల్లీలో సంబరాలు, ఊళ్లో టపాసులు.

అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. శాఖ పనంతా జరగాల్సింది ఆ శాఖ బాధ్యత చూసే మంత్రి చేతుల మీదుగా, లేదా ఆయన ఆదేశాలకు లోబడి. నియమాలు చెప్పేది అదే. కాబట్టి సహాయ మంత్రికి ఏమేం అప్పజెప్పాలో మామూలుగా తేల్చేది కేబినెట్ మంత్రి. ఇందుకోసం శాఖలో ఒక పని విభజన ఉత్తర్వు తయారవుతుంది. ఫలానా విభాగాల ఫైళ్లు సహాయ మంత్రి దగ్గరే ముగుస్తాయి, ఫలానావి ఆయన చూశాక పెద్ద మంత్రి దగ్గరికి వెళ్తాయి, ఫలానావి నేరుగా పెద్ద మంత్రికే... ఇలా ఉంటుంది అందులో. విధాన నిర్ణయాలు, కేబినెట్‌కు వెళ్లే ప్రతిపాదనలు, పెద్ద పదవుల నియామకాలు సాధారణంగా పెద్దాయన దగ్గరే ఉండిపోతాయి.

చాలాచోట్ల సహాయ మంత్రికి తప్పకుండా దక్కే పని ఒకటుంది... పార్లమెంటు! ప్రశ్నలకు జవాబులు చెప్పడం, సభకు కాగితాలు సమర్పించడం, పెద్ద మంత్రి మరో సభలో ఉంటే ఇక్కడ శాఖ తరఫున నిలబడటం. రాసిచ్చిన జవాబు చదివేస్తే చాలనుకుంటాం. కానీ అనుబంధ ప్రశ్నలు కాగితం చూసి రావు కదా! ఫైలు చూడనివ్వని మంత్రి ఆ ఫైలు గురించి సభకు జవాబు చెప్పాల్సి రావడం... అదీ ఈ పదవిలోని ఇరకాటం.

'మాకు పని లేదు మొర్రో...'

ఈ మాట అన్నది ప్రతిపక్షం కాదు. సాక్షాత్తూ మంత్రులే! 2010 జనవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్ సహాయ మంత్రులతో సమావేశమైతే వాళ్లు గోడు వెళ్లబోసుకున్నారు. తమకు పని ఇవ్వడంలేదన్నది అందులో ప్రధానమైంది. అప్పటి పార్టీ వేరు, కూటమి వేరు. మరి తర్వాత మారిందా? 2019 జూన్‌లో కొత్త మంత్రిమండలి తొలి భేటీలో ప్రధాని నరేంద్ర మోదీ కేబినెట్ మంత్రులకు చెప్పిన మాటల్లో ఒకటి... ముఖ్యమైన ఫైళ్లను సహాయ మంత్రులకూ చూపించమని. సర్కారు మారినా సమస్య మారలేదన్నమాట.

కారణం ఊహించలేనిదేం కాదు. పదవులు చాలాసార్లు పనిని బట్టి పుట్టవు. ప్రాంతం, కులం, మిత్రపక్షం, అలిగిన నాయకుడు... వీటిని బట్టి పుడతాయి. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ మంత్రివర్గం 93 మందికి చేరింది. ఈ వరసకు అడ్డుకట్ట వేయడానికే 91వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 2004 నుంచి కేంద్రంలో మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతానికి, అంటే 81కి మించకూడదు. సంఖ్యకైతే హద్దు పెట్టారు. ఆ ఉన్నవాళ్లకు ఎంత పనివ్వాలో మాత్రం చెప్పలేదు.

ప్రమాదం జరిగిన రోజు...

పనిలేకపోతే మంత్రికే కదా నష్టం, మనకేంటి అనుకోవచ్చు. 2011 జులై 10 నాటి సంగతి చూడండి. ఉత్తరప్రదేశ్‌లో కల్కా మెయిల్ పట్టాలు తప్పింది. అదే రోజు అస్సాంలో గౌహతి-పూరీ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. అప్పటికి రైల్వేకు కేబినెట్ మంత్రి లేరు. మమతా బెనర్జీ బెంగాల్ ముఖ్యమంత్రిగా వెళ్లిపోవడంతో ఆ శాఖ ప్రధాని దగ్గరుంది. కింద ముగ్గురు సహాయ మంత్రులు. వాళ్లలో ఒకరైన ముకుల్ రాయ్‌ను అస్సాం వెళ్లమని ప్రధాని చెప్పారు. ఆయన వెళ్లలేదు. రైల్వే మంత్రి ప్రధానే, తాను సహాయ మంత్రుల్లో ఒకణ్ని మాత్రమేనన్నది ఆయన వాదన. రెండు రోజులకే జరిగిన మార్పుల్లో రైల్వే ఆయన చేజారింది. దినేశ్ త్రివేది కేబినెట్ మంత్రిగా వచ్చారు.

ఆయన చేసింది తప్పే కావచ్చు. కానీ ఆ వాదనకు తావిచ్చిందేమిటి? ముగ్గురున్నా, ఆపద వేళ 'ఇది నా పని' అనాల్సింది ఎవరో తేలకపోవడం! అందరిదీ అయిన బాధ్యత ఎవరిదీ కాకుండా పోవడమంటే ఇదే.

పని గట్టిగా అప్పజెబితే సహాయ మంత్రి ఏం చేయగలరో చూపిన కథా ఉంది. పీవీ నరసింహారావు ప్రభుత్వంలో హోంశాఖ పెద్ద ఎస్.బి.చవాన్. అంతర్గత భద్రత చూసే సహాయ మంత్రి రాజేశ్ పైలట్. 1995 సెప్టెంబరులో ఎందరో పెద్దలకు సన్నిహితుడైన చంద్రస్వామిని అరెస్టు చేయమని పైలట్ ఆదేశించారు. దేశమంతా గగ్గోలు. కొద్ది రోజులకే ఆయన హోంశాఖ నుంచి పర్యావరణ శాఖకు మారిపోయారు. సహాయ మంత్రి చేతికి ఎంత బలముంటుందో, ఆ బలం ఎంత తేలిగ్గా పోతుందో ఒక్క నెలలోనే తెలిసింది.

మనవాళ్ల సంగతేంటి?

2012 అక్టోబరు 28న చిరంజీవి, కోట్ల జయసూర్యప్రకాశ్ రెడ్డి, సర్వే సత్యనారాయణ, బలరాం నాయక్, కిల్లి కృపారాణి... ఐదుగురు తెలుగువాళ్లు ఒకేరోజు సహాయ మంత్రులయ్యారు. వీళ్లలో పర్యాటక శాఖ దక్కిన చిరంజీవిదే స్వతంత్ర హోదా. మిగతా నలుగురి పైనా కేబినెట్ మంత్రులున్నారు. 'ఢిల్లీలో మనవాళ్లు ఎందరో' అని లెక్కేసుకునేటప్పుడు ఈ తేడా కూడా చూడాలి.

విశాఖ ఉక్కునే తీసుకోండి. 2024 జూన్‌లో ఉక్కు శాఖ కేబినెట్ మంత్రిగా కుమారస్వామి, సహాయ మంత్రిగా నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ వచ్చారు. 2025 జనవరిలో కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఖరారైంది. ఖరారు చేసింది ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ. అందులో కూర్చునేది కేబినెట్ మంత్రులు. సహాయ మంత్రి చేయగలిగిందల్లా విషయం అక్కడిదాకా వెళ్లేలా చూడటం, మనవాళ్ల గోడు పైవాళ్ల చెవిన వేయడం. అది చిన్న పనేం కాదు. కానీ సంతకం పెట్టే పని మాత్రం కాదు.

అందుకే, ఈసారి మీ ఊరికి మంత్రిగారొస్తే అర్జీ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి... 'అయ్యా, మీ శాఖలో మీకు అప్పజెప్పిన పనులేంటి?' అని. పని విభజన ఉత్తర్వుల్ని కొన్ని శాఖలు వెబ్‌సైట్లలో పెడుతుంటాయి. లేకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. ఆ కాగితం చేతిలో ఉంటే రెండు లాభాలు. మీ అర్జీ సరైన బల్లమీదికి వెళ్తుంది. 'అది నా పరిధిలో లేదండీ' అని తప్పించుకునే దారీ మూసుకుపోతుంది. పాపం, నిజంగానే పరిధిలో లేకపోతే... మంత్రిగారి కష్టం మీకూ అర్థమవుతుంది!