టర్బో కార్లు చెడిపోవుటకు కారణములు

వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతిలో వాయువుల పీడనమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “సార్, టర్బో కార్లు తొందరగా చెడిపోవునని అందరును అనుచున్నారు. మా అన్న కారు రెండు మారులు చెడినది. టర్బో మంచిది కాదా?” అని యడిగెను. ఆ యన్నయు మన పాఠశాలలో చదివినవాడే. తండ్రి గని యుద్యోగమునుండి విరమించినప్పుడు చేతికి వచ్చిన ధనములో కొంత తీసి, ఇతరులు వాడిన టర్బో పెట్రోలు కారు నొకదానిని కొనెను. ఆనాడు తరగతిలో నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. కావున విషయమును విచారించి ఇచట వ్రాయుచున్నాను.

కమ్మరి కొలిమిని చూచినవారికి టర్బో సంగతి సులభముగా బోధపడును. బొగ్గు ఎంత వేసినను తిత్తి ఊదనిదే మంట హెచ్చదు. ఇంజనునందును అంతియే. ఒక గ్రాము పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. సామాన్యమైన ఇంజను తాను పీల్చుకొనగలిగినంత గాలితో సరిపెట్టుకొనును. టర్బోచార్జరు గాలిని నొక్కి లోపలికి పంపును గనుక చిన్న ఇంజనుగూడ ఎక్కువ పెట్రోలును మండించి పెద్దదానివలె లాగును. మరి ఈ తిత్తిని ఊదువారెవరు? సైలెన్సరు గుండా వ్యర్థముగా పోవు పొగయే. ఆ పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొన నున్న మరియొక చక్రము గాలిని నొక్కును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరగు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ యుపాయమునకు పేటెంటు తీసికొనెను.

మన ప్రాంతమునకు ఇది క్రొత్త వస్తువు కాదు. రామగుండము, శ్రీరాంపురము ఓపెన్‌కాస్టు గనులలో 60 టన్నులు, 100 టన్నులు మోయు డంపర్ల డీజిలు ఇంజనులకు టర్బోలు కలవు. అవి ఎండలో, దుమ్ములో, షిఫ్టు వెంట షిఫ్టు పని చేయుచున్నవి. టర్బో స్వభావముచేతనే దుర్బలమైనదైనచో గనులలో ఒక వారమైనను పని సాగదు. కాబట్టి ప్రశ్నను కొంచెము మార్చి యడుగవలెను: డంపరులో నిలుచునది కారులో ఏల నిలువకున్నది?

మొదట వేడిమిని చూడుడు. డీజిలు పొగకన్న పెట్రోలు పొగ వేడి ఎక్కువ. జోరుగా నడుచు కారులో అది 900 డిగ్రీలు దాటును. ఆ వేడిలో చిన్న కారు టర్బో ఇరుసు నిమిషమునకు రెండు లక్షల చుట్లవరకు తిరుగును. మన యింటి పంకా ఎంత వేగముగా తిరిగినను నాలుగువందల చుట్లకు మించదు. రెండు లక్షల చుట్లలో లోహము లోహమును తాకినచో క్షణము నిలువదు. అందుచే ఆ యిరుసు వెండ్రుకకన్న పలుచనైన నూనె పొరపై తేలుచు తిరుగును. ఆ నూనెయే దానికి ఆధారము, ఆ నూనెయే దానికి చల్లదనము.

ఇపుడు మంచిర్యాలనుండి పరుగుపెట్టించి తెచ్చిన కారును ఇంటి యెదుట నిలిపి, ఆ క్షణమే ఇంజను ఆపినచో ఏమగును? ఇంజనుతోబాటు నూనె పంపు ఆగును. చక్రపు వేడి మాత్రము ఆగదు. ఇరుసు వెంబడి ప్రాకి, అచట నిలిచిపోయిన నూనెను మాడ్చును. పెనముమీద మాడిన నూనెవలెనే అది నల్లని పెచ్చు కట్టును. ప్రతిదినమును ఇట్లు జరిగినచో నూనె వచ్చు సన్నని గొట్టము పూడుకొనును. టర్బో పైకి బాగుగనే యుండి లోపల దప్పికతో చచ్చును. క్రొత్త కార్లు పెక్కింటిలో ఇంజను ఆగిన పిమ్మటగూడ నీటిని త్రిప్పు విద్యుత్ పంపు ఉండుటచే ఈ భయము తగ్గినది గాని, పూర్తిగా పోలేదు.

ఆ బాలుని అన్న కారునకు కలిగినది సరిగా ఇదియే. మొదటి మారు చెడినపుడు మెకానిక్కు టర్బోను మార్చెను గాని నూనె గొట్టమును మార్చలేదు. క్రొత్త టర్బో నెల తిరుగకముందే ఈలవేసి ఆగిపోయెను. మరియొక మెకానిక్కు ఆ గొట్టమును ఊడదీసి చూపెను. దానిలో సూదియైనను దూరలేదు. రెండు టర్బోల వెల ఆ యింటికి చిన్న సొమ్ము కాదు.

నేను ఆ తండ్రిని కలిసి మాటలాడితిని. ఆయన చాల యేండ్లు డంపరు నడిపినవారు. “లోడు మీద నడిచిన ఇంజను మూడు నాలుగు నిమిషాలు ఊకె తిరిగినంకనే బంద్ చెయ్యాలె సారూ. అది మాకు మొదటి రోజే చెప్పిండ్రు,” అనిరి. మరి కుమారునికి ఏల చెప్పలేదంటిని. “కారు చిన్నది గదా, పెట్రోల్‌ది గదా, దానికేముంటది అనుకున్న,” అని తల వంచుకొనిరి. నేను ఇరువది యేండ్లుగా భౌతికశాస్త్రము చెప్పుచున్నవాడను. నాకును అంతవరకు ఈ సంగతి తోచలేదు.

రెండవ చిక్కు నాకింగు. సైకిలు పంపును కొట్టునపుడు దాని అడుగు వేడెక్కును గదా! గాలిని నొక్కిన కొలది వేడియగును. ఆ గాలిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు ఉండును గాని, వేసవిలో మనయెడ బయటి గాలియే 45 డిగ్రీలుండ అది మాత్ర మేమి చేయగలదు? వేడి మితిమీరినచో పెట్రోలు సమయము రాకముందే అంటుకొని, పైకి వచ్చుచున్న పిస్టనును సుత్తితో మోదినట్లు మోదును. అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ కంపెనీ 1962లో జెట్‌ఫైర్ అను టర్బో కారును అమ్మినపుడు ఈ నాకింగును అణచుటకు నీరును మెథనాలును కలిపిన ద్రవమును వేరొక తొట్టిలో పోయవలసి యుండెను. చాలమంది యజమానులు దానిని పోయుట మరచిరి. 1963 తరువాత ఆ కారు లేదు.

నేటి కార్లలో కంప్యూటరు నాకింగును కనిపెట్టి ఒత్తిడిని తగ్గించును. అయితే నగరములలో కొందరు ధనమిచ్చి ఆ కంప్యూటరు లెక్కలనే మార్పించి, ఒత్తిడిని పెంచుకొనుచున్నారు. కంపెనీవారు ఉంచిన జాగ్రత్త హద్దును వీరు బలముగా ఖర్చు పెట్టుకొనుచున్నారన్నమాట. వాడిన కారు కొనువారు మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియేయని నా యభిప్రాయము.

మరియొక విచిత్రము కలదు. చిన్న టర్బో ఇంజనును పెద్ద గేరులో మెల్లగా నడుపుచు ఒక్కసారిగా ఆక్సిలరేటరు నదిమినచో, సిలిండరు గోడలనుండి వచ్చిన నూనె బిందువులు ముందుగా అంటుకొని పిస్టనును పగులగొట్టవచ్చును. నూనెలోని కాల్షియము దీనిని హెచ్చించునని కనుగొని, 2018లో ఎస్‌.ఎన్‌. ప్లస్ అనియు, 2020లో ఎస్‌.పి. అనియు క్రొత్త తరగతుల నూనెలకు ప్రమాణము లేర్పరచిరి. డబ్బాపై ఈ యక్షరములు చూడక చౌక నూనె పోయుట పొదుపు కాదు.

టర్బో కారు చెడినదన్నంత మాత్రమున టర్బోయే దోషి యనుకొనరాదు. 2010లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ అమెరికాలో సుమారు 1,30,000 టర్బో కార్లను వెనుకకు పిలిచినది. దోషము పెట్రోలును గట్టిగా నొక్కి పంపు పంపులో నుండెను. రబ్బరు గొట్టము చీలి గాలి కారినను, ఒత్తిడిని విడుచు వేస్టుగేటు పట్టివేసినను బలము తగ్గును. ఇవి చిన్న మరమ్మతులు. బొగ్గు లారీలు, బూడిద లారీలు తిరుగు మన చెన్నూరు రోడ్డుపై గాలి ఫిల్టరును మాత్రము పుస్తకములో వ్రాసిన గడువుకన్న ముందే చూచుకొనవలెను. ఆ వేగమున తిరుగు రెక్కలకు ధూళి ఇసుక కాగితముతో సమానము.

ఊరిలో మెల్లగా తిరిగి వచ్చిన కారును నిలిపి నిమిషముల కొలది ఊరక నడుపనక్కరలేదు, పెట్రోలు దండుగ. దూరమునుండి వేగముగా వచ్చినపుడు చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపినను చాలును. ఆ యువకుడు ఇప్పుడు మంచిర్యాలనుండి వచ్చునపుడు ఇందారము దాటగనే వేగము తగ్గించుచున్నాడట. కారు ఏడాదిగా బాగుగ నడుచుచున్నది. ప్రక్కన తండ్రి కూర్చున్నచో ఇంటికి వచ్చినపిమ్మట మరి మూడు నిమిషములు ఆగవలసినదేనట.