దాస్తే జప్తు.. చెబితే భద్రం
విదేశీ నగదుతో వచ్చే గల్ఫ్ ప్రయాణికులకు డిక్లరేషన్ పత్రమే రక్ష

కరీంనగర్: ఎడారి దేశాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము, విమానాశ్రయంలో ఒక్క పత్రం రాసివ్వనందుకు చేజారిపోయే ప్రమాదముంది. ఎక్కువ నగదు తేవడమే నేరమని, చెబితే సుంకం కట్టమంటారని భయపడి కొందరు నోట్ల కట్టలను దుస్తుల మడతల్లో, సామాను అడుగున దాస్తుంటారు. వాస్తవానికి విదేశీ నగదును వెంట తెచ్చుకోవడానికి గరిష్ఠ పరిమితి లేదు. దానిపై దిగుమతి సుంకమూ లేదు. నిర్ణీత మొత్తం దాటితే కస్టమ్స్ అధికారులకు రాతపూర్వకంగా తెలపాలన్నదే నిబంధన.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో చాలామంది శంషాబాద్ విమానాశ్రయం మీదుగానే రాకపోకలు సాగిస్తారు. ఈ నిబంధనలపై అవగాహన వారికి ఎంతో అవసరం.

ఎంత దాటితే చెప్పాలి?

విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) కింద రిజర్వు బ్యాంకు 2015లో జారీ చేసిన నిబంధనల ప్రకారం, విదేశీ నోట్ల విలువ 5 వేల అమెరికన్ డాలర్లు దాటితే కరెన్సీ డిక్లరేషన్ పత్రం నింపాలి. నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10 వేల డాలర్లు దాటినా ఇదే నిబంధన వర్తిస్తుంది. 5 వేల డాలర్లంటే సుమారు 18,360 దిర్హాములు లేదా 18,750 సౌదీ రియాళ్లు.

చాలామంది పొరపడేది ఇక్కడే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 60 వేల దిర్హాములు మించితేనే అక్కడి అధికారులకు తెలపాలి. 30 వేల దిర్హాములతో బయలుదేరిన వ్యక్తిని దుబాయ్‌లో ఎవరూ పత్రం అడగరు. శంషాబాద్‌లో దిగాక మాత్రం ఆయన రెడ్ చానల్‌కు వెళ్లి పత్రం ఇవ్వాల్సిందే. గ్రీన్ చానల్‌లో నడవడమంటే, తెలపాల్సినదేదీ తన వద్ద లేదని ప్రయాణికుడు ప్రకటించినట్లే లెక్క.

భారత కరెన్సీ విషయం వేరు. నేపాల్, భూటాన్ మినహా ఇతర దేశాలకు వెళ్లేటప్పుడైనా, అక్కడి నుంచి వచ్చేటప్పుడైనా రూ.25 వేలకు మించి వెంట ఉండకూడదు. 2016 నవంబరులో రూ.500, రూ.1000 నోట్లు రద్దయినప్పుడు ప్రవాసులకు 2017 జూన్ 30 వరకు గడువిచ్చారు. విమానాశ్రయంలో నోట్లు చూపి కస్టమ్స్ ధ్రువీకరణ తీసుకున్నవారికే ఆ అవకాశం దక్కింది. అదీ ముంబయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగ్‌పుర్ రిజర్వు బ్యాంకు కార్యాలయాల్లోనే. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు.

వెళ్లేటప్పుడు పరిమితి ఉంది

ఇక్కడ నివసించేవారు విదేశాలకు వెళ్లేటప్పుడు చాలా దేశాలకు ఒక్కో ప్రయాణంలో 3 వేల డాలర్ల విలువైన నోట్లు మాత్రమే తీసుకెళ్లవచ్చు. మిగిలినది ఫారెక్స్ కార్డు రూపంలో ఉండాలి. అధీకృత డీలర్ల వద్దే కొని రశీదు భద్రపరచుకోవాలి. రూ.50 వేలకు మించిన కొనుగోలుకు నగదు చెల్లింపు చెల్లదు. చెక్కు లేదా బ్యాంకు ద్వారా చెల్లించాలి.

ఆ సంచి ఎవరిది?

దొంగచాటుగా వచ్చే బంగారానికి చెల్లింపుల కోసం డాలర్లు, రియాళ్లు, దిర్హాములు అక్రమంగా దేశం దాటుతుంటాయి. హవాలా ముఠాలు ఈ పనికి తరచూ సామాన్య ప్రయాణికులను వాడుకుంటాయి. "మనూరోడివే కదా, ఈ సంచి అక్కడ మావాడికి ఇవ్వు" అని బతిమాలుతారు. టికెట్టు ఖర్చు పెట్టుకుంటామని ఆశ చూపుతారు. ఎక్స్‌రే యంత్రంలో నోట్ల కట్టలు బయటపడినప్పుడు ఆ పెద్దమనుషులెవరూ కనిపించరు. సంచి ఎవరి చేతిలో ఉంటే వారే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.

పట్టుబడితే..

తెలపకుండా తెచ్చిన, తీసుకెళ్తున్న నగదును 1962 నాటి కస్టమ్స్ చట్టం కింద స్వాధీనం చేసుకుంటారు. ఆరు నెలల్లోగా షోకాజ్ నోటీసు ఇవ్వాలి. ఈ గడువును మరో ఆరు నెలలు పొడిగించే వీలుంది. విచారణ తర్వాత సొమ్మును పూర్తిగా జప్తు చేయవచ్చు, లేదా అపరాధ రుసుము కట్టించుకుని విడిచిపెట్టవచ్చు. దీనికి జరిమానా అదనం. తీవ్రతను బట్టి అరెస్టు, ప్రాసిక్యూషన్ తప్పవు. ఫెమా కింద సొమ్ము విలువకు మూడింతల వరకు జరిమానా పడవచ్చు.

అధికారుల ముందు ఇచ్చే వాంగ్మూలానికి సాక్ష్యంగా విలువ ఉంటుంది. చదివించుకుని అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి. స్వాధీనం చేసుకున్నట్లు పంచనామా ప్రతి అడిగి తీసుకోవాలి. నోటీసుకు జవాబుగా జీతం చీటీలు, బ్యాంకు పత్రాలు, కరెన్సీ కొన్న రశీదులు సమర్పిస్తే సొమ్ము కష్టార్జితమని నిరూపించుకోవచ్చు. ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా కమిషనర్ (అప్పీళ్లు) వద్ద అప్పీలు చేసుకోవచ్చు.

బ్యాంకు దారే మేలు

జీతాన్ని ఎప్పటికప్పుడు అధీకృత ఎక్స్ఛేంజీ లేదా బ్యాంకు ద్వారా ఇంటికి, లేదా ఎన్ఆర్ఈ ఖాతాకు పంపుకోవడం అన్నింటికన్నా సురక్షితం. నగదు తేవాల్సి వస్తే, కస్టమ్స్ ముద్ర వేసిన డిక్లరేషన్ ప్రతిని జాగ్రత్త చేసుకోవాలి. పెద్ద మొత్తంలో విదేశీ నోట్లను ఖాతాలో జమ చేయబోతే బ్యాంకు అడిగేది ఆ పత్రాన్నే. మిగిలిన కరెన్సీతో తిరిగి గల్ఫ్ వెళ్లే ప్రవాసికీ అదే ఆధారం. స్వదేశంలో శాశ్వతంగా స్థిరపడేవారు 2 వేల డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లు ఉంచుకోవచ్చు. అంతకు మించినవాటిని 180 రోజుల్లోగా మార్చుకోవాలి, లేదా అర్హులైతే నివాసి విదేశీ కరెన్సీ ఖాతాలో జమ చేసుకోవాలి.