వాయుదీపములు – విద్యుత్ కవాటములు

మానవుడు నిప్పును రాజేయుట నేర్చి వేల సంవత్సరములు గడచినవి. అన్నాళ్ళును అతడు భయపడినది మండుచున్న నిప్పునకే. కట్టెల పొయ్యి ఆరినచో పొగ మిగులును. కిరసనాయిలు దీపము ఆరినచో చీకటి మిగులును. వాయువుతో మండు పొయ్యి గాని, దీపము గాని ఆరినచో సంగతి వేరు. మంట పోయినను వాయువు వచ్చుచునే యుండును. అది గదిలో నిండి చిన్న నిప్పురవ్వ తగులువరకు పొంచియుండును. అట్టి వేళ మంట ఆరినదని గ్రహించి తనంతట తానే వాయువును ఆపివేయు పరికరము ఎట్లు పుట్టినదో, ఎట్లు పనిచేయునో, మన అత్తిలివంటి ఊళ్ళకు దానితో ఏమి పనియో విద్యార్థి మిత్రులకును, కళాశాల సంఘపు పెద్దలకును విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇందుకు కారణము ఒక పాలగిన్నె. ఒక రంజాను మాసమున సహరీ వేళ మా వసతిగృహపు వంటశాలలో పాలు పొంగి పొయ్యిమీద పడినవి. మంట ఆరినది. వంటవాడు ప్రక్కగదిలో పిండి కలుపుచుండెను. అతడు తిరిగి వచ్చుసరికి గదినిండ గ్యాసు వాసన. మాలో ఒకడు ఆ వాసన పోవుటకని పంకా స్విచ్చి వేయబోయెను. "ముట్టుకోకు!" అని వంటవాడు కేక వేసి, సిలిండరు కట్టివేసి, తలుపులు, కిటికీలు బార్లా తెరచెను. ఆనాడు మేము బ్రతికి బయటపడినది ఆ కేక వలననే. స్విచ్చిలో పుట్టు చిన్న మెరుపు చాలును, గదినిండిన గ్యాసు అంటుకొనుటకు. మనము వాడు వంటగ్యాసు గాలిలో నూటికి సుమారు రెండు పాళ్ళు మొదలు తొమ్మిదిన్నర పాళ్ళ వరకు కలిసినపుడు మండును. అది గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. వాసన తెలియుటకై అందులో ఎథిల్ మెర్కాప్టన్ అను పదార్థమును కలుపుదురు. అయినను నిద్రించువాని ముక్కు కావలి కాయజాలదు కదా!

వాయుదీపమనగానే మన ప్రాంతపు పెద్దలకు పెట్రోమాక్సు జ్ఞప్తికి వచ్చును. పెండ్లి ఊరేగింపులలో, పీర్ల పండుగ రాత్రులలో తలమీద మోసికొనిపోయిన ఆ దీపమును జనులు గ్యాసులైటనిరి. ఉర్దూ పలుకు ఇండ్లలో గ్యాస్‌బత్తీ యనిరి. నిజమునకు అందు మండునది పంపుతో ఒత్తిడి కల్పింపగా ఆవిరియైన కిరసనాయిలు. దానికి తెల్లని వెలుగునిచ్చు మాంటిల్ అను జాలిసంచిని ఆస్ట్రియా దేశీయుడైన కార్ల్ ఆవర్ 1885లో కనిపెట్టెను. తోరియం లభించు మోనజైటు మన భీమునిపట్నము తీరపు ఇసుకలోను కలదు.

అసలైన వాయుదీపము గొట్టములద్వారా వచ్చు వాయువుతో వెలుగునట్టిది. విలియం మర్డాక్ 1792లో ఇంగ్లండులో బొగ్గునుండి తీసిన వాయువుతో తన ఇల్లు వెలిగించెను. 1807లో లండను నగరపు పాల్‌మాల్ వీధిలో వాయుదీపములు వెలిగినవి. మన దేశమున 1857లో కలకత్తా వీధులకు ఈ వెలుగు వచ్చినది. సాయంకాలము కాగానే పొడవాటి కర్ర పట్టుకొని దీపగాడు బయలుదేరి, స్తంభము స్తంభమునకు కుళాయి త్రిప్పి ముట్టించి, తెల్లవారగానే వరుసగా ఆర్పెడివాడు.

ఈ శ్రమ తగ్గించుటకు ఒక ఉపాయము పుట్టినది. దీపమును పూర్తిగా ఆర్పక, ప్రక్కన మినపగింజంత మంటను నిలిపి ఉంచినచో, మరల కుళాయి త్రిప్పగానే పెద్ద దీపము దానంతట అదే అంటుకొనును. ఈ చిన్న మంటను పైలట్ జ్వాల యందురు. మన అవ్వలకు ఈ ఉపాయము క్రొత్తది కాదు. రాత్రి వంట ముగిసిన పిదప నిప్పుకణికలను బూడిదతో కప్పి, నివురుగప్పిన నిప్పును మరునాటికి దాచుకొనెడివారు.

విద్యుత్తు వచ్చిన పిమ్మట అసలు మనిషి దగ్గరకు పోకయే దీపము వెలిగింపవచ్చునని తోచినది. వాషింగ్టనులోని కాపిటల్ భవనపు ఎత్తైన గోపురములో వాయుదీపములను 1860 దశాబ్దమున విద్యుత్తుతోనే వెలిగించిరి. ఎక్కడో క్రింద నిలిచి మీట నొక్కిన చాలును. ఇంతకంటె సౌకర్యమేమి కావలెను? కాని ఈ సౌకర్యములో దాగియున్న లోపము ఒక మహానగరమును ఏడ్పించినది.

1881 డిసెంబరు 8వ తేది సాయంకాలము వియన్నా నగరములోని రింగ్ థియేటరు అను నాటకశాల ప్రేక్షకులతో నిండుచున్నది. రంగస్థలముపై వరుసలుగా వ్రేలాడు వాయుదీపములను వెలిగించుటకు విద్యుత్తు, గాలి ఒత్తిడి కలిసి పనిచేయు యంత్రమొకటి కలదు. మొదటి ప్రయత్నమున దీపములు వెలుగలేదు. కాని వాయువు వచ్చుట మానలేదు. రెండవమారు యత్నించునప్పటికి పోగుపడిన వాయువు భగ్గున మండి రంగస్థలపు తెరలకు అంటుకొనినది. భయముతో వాయువును కట్టివేయగా భవనమంతయు చీకటియైనది. ఆపద్వేళకై ఉంచిన నూనెదీపములు ఆనాడు వెలిగింపబడలేదు. తలుపులా, లోపలివైపునకు తెరచుకొనునవి. త్రోసికొనుచు వచ్చిన జనులకు అవి తెరువరాలేదు. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 384 మంది మరణించిరి. మరునాడే ఆ నగరమున స్వచ్ఛంద ప్రాణరక్షణ సంఘమొకటి వెలసినది.

ఆ యంత్రమునకు రెండు చేతులుండెను. ఒక చేయి వాయువును వదలును. ఒక చేయి నిప్పురవ్వను పుట్టించును. కన్ను మాత్రము లేదు. మంట వెలిగినదో లేదో చూచి, వెలుగనిచో వాయువును ఆపుమని చెప్పువాడు లేడు. ఆ తరువాతి వాయుకవాటముల చరిత్ర అంతయు ఈ కన్నును సంపాదించుటకు పడిన పాటు అని మా అభిప్రాయము.

ఇప్పుడు ఆ కవాటము ఎట్లు పనిచేయునో చూతము. మన కాలువ లాకులను, తూములను ఎరుగనివారు ఈ డెల్టాలో లేరు. లస్కరు తలుపునెత్తినచో నీరు పారును, దింపినచో ఆగును. లస్కరు చేయి వదలినచో తలుపు తన బరువుతో తానే జారి మూసికొనునట్టి తూమును ఊహింపుడు. విద్యుత్ కవాటము అట్టిదే. గొట్టములోని రంధ్రముపై ఒక చిన్న మూత ఉండును. దానిని ఒక స్ప్రింగు ఎల్లప్పుడు క్రిందికి నొక్కిపెట్టును. మూతకు ఇనుపకడ్డీ యొకటి తగిలింపబడియుండును. కడ్డీ చుట్టును రాగితీగ చుట్టబడియుండును. విద్యుత్తు వలన అయస్కాంతశక్తి పుట్టునని 1820లో ఓర్‌స్టెడ్ కనుగొనెను; 1825లో స్టర్జన్ మెత్తని ఇనుముపై తీగ చుట్టి విద్యుదయస్కాంతమును నిర్మించెను. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగానే కడ్డీ పైకి లాగబడును, మూత లేచును, వాయువు పారును. విద్యుత్తు ఆగిన తక్షణమే స్ప్రింగు మూతను క్రిందికి నొక్కును. దీనినే సోలినాయిడ్ వాల్వు అందురు.

ఇందులో గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. తెరచుటకు శక్తి కావలెను; మూయుటకు శక్తి అక్కరలేదు. కరెంటు పోయినను, తీగ తెగినను, చుట్ట కాలిపోయినను ఫలితమొక్కటే: కవాటము మూసికొనును. ఏ లోపము కలిగినను క్షేమము వైపే ఒరుగవలెను అనునది ఇంజనీర్ల సూత్రము. కరెంటు పోయినపుడు మా ఉర్దూ మిత్రులు "బత్తీ గుల్" అందురు. బత్తీ గుల్ అయినపుడు గ్యాసు కూడ గుల్ కావలెను. అదియే ఈ కవాటపు ధర్మము.

కవాటము చేయి వంటిది. ఇక కన్ను సంగతి. 1821లో సీబెక్ అను శాస్త్రజ్ఞుడు రెండు వేరు వేరు లోహములను కలిపి, ఆ అతుకును వేడిచేసినచో విద్యుత్ప్రభావము పుట్టునని గమనించెను. ఇట్టి లోహపు జంటను థర్మోకపుల్ అందురు. దీని కొనను పైలట్ జ్వాలలో ఉంచినచో సుమారు 20 మొదలు 30 మిల్లీవోల్టుల విద్యుత్పీడనము పుట్టును. మన టార్చిలైటు బ్యాటరీ ఒక్కటి ఒకటిన్నర వోల్టు. దానిలో ఇది యాబదవ వంతు మాత్రమే. ఇంత స్వల్పశక్తి కవాటమును ఎట్లు నడుపును?

ఇక్కడనే అయస్కాంతపు స్వభావము మనకు తోడ్పడును. దూరమున నున్న ఇనుమును లాగుటకు ఎక్కువ బలము కావలెను. అంటుకొనియున్న ఇనుమును విడువక పట్టుకొనుటకు కొద్ది బలమే చాలును. కావుననే పైలట్ జ్వాల గల పరికరమును వెలిగించునపుడు మీటను చేతితో నొక్కి కొన్ని క్షణములు అట్లే పట్టుకొనవలెను. మూతనెత్తు పని మన చేతిది. ఇంతలో జ్వాల థర్మోకపుల్‌ను వేడిచేయును. అందు పుట్టిన విద్యుత్తు అయస్కాంతమునకు ప్రాణము పోయును. మనము చేయి తీసినను అది మూతను పట్టుకొనియుండును. గాలికి గాని, పొంగిన పాలకు గాని మంట ఆరినచో అతుకు చల్లారును, అయస్కాంతము పట్టు వదలును, ఒక నిమిషము లోపుగనే వాయువు ఆగిపోవును. మరల మనిషి వచ్చి నొక్కువరకు అది తెరచుకొనదు. ఈ ఏర్పాటునకు బయటి కరెంటుతో పనియే లేదు. తనను కాపాడు శక్తిని మంట తానే పుట్టించుకొనుచున్నది!

పెద్ద పొయ్యిలలో థర్మోకపుల్ చల్లారువరకు వేచియుండరాదు. అందుచేత అక్కడ వేరొక కన్ను వాడుదురు. మంటలో విద్యుదావేశము గల అయాన్లు ఉండును; కావున మంట స్వల్పముగా విద్యుత్తును ప్రసరింపజేయును. జ్వాలలో నిలిపిన కడ్డీద్వారా ప్రవహించు ఆ అత్యల్ప విద్యుత్తు ఆగిన మరుక్షణమే మంట ఆరినదని యంత్రము గ్రహించును. అట్టి పొయ్యి వెలుగు క్రమము ఇది: మొదట పంకా తిరిగి లోపల మిగిలిన వాయువును వెడలగొట్టును. పిదప నిప్పురవ్వ పుట్టును. పైలట్ కవాటము తెరచుకొనును. మంట కనబడినదని రూఢి అయిన తరువాతనే ప్రధాన కవాటము తెరచుకొనును. కొద్ది క్షణములలో మంట కనబడనిచో అన్నియు మూసికొనును. వియన్నాలో లోపించినది ఈ క్రమమే. మంట ముందు, వాయువు వెనుక: ఈ నాలుగు మాటలలో శాస్త్రమంతయు ఇమిడియున్నది.

ఇక మన సీమ సంగతి. వాయువు మనకు దూరపు వస్తువు కాదు. అత్తిలి మీదుగా పోవు రైలుమార్గపు చివరనున్న నరసాపురమున 1978లో ఓఎన్‌జీసీ త్రవ్విన బావిలో సహజవాయువు కనబడినది. అటుపిమ్మట గోదావరికి ఇరువైపుల పొలముల క్రిందుగా గొట్టములు సాగినవి. 2014 జూను 27న నది ఆవలి నగరము గ్రామమున గెయిల్ గొట్టమునుండి వెలువడిన వాయువు ఊరిమీద వ్యాపించి, తెల్లవారుజామున అంటుకొని ఇరువదిమందికి పైగా బలిగొనినది. వంటింటి కవాటము ఆ దుర్ఘటనను ఆపియుండెడిది కాదు. అది గొట్టపు లోపము. అయినను అది చెప్పు పాఠము మన వంటింటికిని వర్తించును: మండుచున్న వాయువు కంటె మండక వ్యాపించు వాయువే భయంకరము.

ఈ కవాటములకును హద్దులు కలవు. పొయ్యికిని సిలిండరునకును మధ్యనున్న రబ్బరు గొట్టము చిట్లినచో పొయ్యిలోని కవాటము ఏమియు చేయజాలదు. మూత క్రింద నలక చేరినచో అది పూర్తిగా మూసికొనదు. మూసిన స్నానపుగదిలో గ్యాసు గీజరు మండుచున్నంతసేపు కవాటము దానిని వెలుగనిచ్చును. కాని గాలి చాలక పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు దాని కన్నునకు అన్ని పరికరములలోను కనబడదు. కావున యంత్రము ఉన్నదని కిటికీ మూయుట వివేకము కాదు.

కళాశాల సంఘపు పెద్దలకు మా విన్నపములు మూడు. వసతిగృహమునకు ఇకమీదట కొను పొయ్యిలు మంట ఆరగానే గ్యాసు ఆపు కవాటము గలవై యుండవలెను. మన ఊరి కరెంటు సంగతి ఎరిగినవారము గనుక థర్మోకపుల్ రకమే మేలు. రసాయనశాలలో ఒక్క మీటతో బర్నర్లన్నింటికిని వాయువు నాపు సోలినాయిడ్ కవాటమును ద్వారము వద్ద అమర్పవలెను. కరెంటు పోయి వచ్చినను అది తనంతట తాను తెరచుకొనరాదు, ఉపాధ్యాయుడు మరల నొక్కవలెను. వంటశాల గోడలకు నేలమట్టమున గాలిరంధ్రములు పెట్టింపవలెను. బరువైన గ్యాసు పోవు దారి అదియే. వీనిలో చివరిదానికి అగు ఖర్చు తాపీమేస్త్రి కూలి మాత్రమే.

మా వంటవాడు చదువుకొనినవాడు కాదు. అయినను ఆనాటి వేకువ మాకు కన్నుగా నిలిచినది అతడే. కాని ఒక మనిషి అన్ని రాత్రులును మేలుకొనియుండలేడు. ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లని మన పెద్దలు చెప్పిన సామెత మనయెడ నిజము కాకుండ చూచుకొనవలసినదని కోరుచు, ఇంతటితో ముగించుచున్నాము.