కొడైకెనాల్: కార్లు లేవకముందే ఒక చుట్టు

సరస్సు చుట్టూ 5 కి.మీ., ఆ తర్వాత షోలా అడవులూ వెల్లుల్లి చేలూ. సైకిల్‌పై తిరిగేవారికి దక్షిణాదిలో ఇంతకన్నా మంచి కొండ దారులు అరుదు. చిక్కల్లా, వాటి ప్రశాంతత రోజుకు కొన్ని గంటలకే పరిమితం కావడం.

మే నెల. ఆదివారం ఉదయం 11 గంటలు. కొడైకెనాల్ సరస్సు రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో అద్దె సైకిళ్లు, గుర్రాలు, మొక్కజొన్న కంకులు కాల్చే బళ్లు. నీటి మీద పడవల కన్నా ఒడ్డున హారన్‌లే ఎక్కువ. అదే రోడ్డు ఉదయం ఆరింటికి వేరే ఊరిదేమో అనిపిస్తుంది. నీళ్ల మీంచి పొగమంచు లేస్తుంటుంది. నడకకు వచ్చిన నలుగురైదుగురు, పాలు పోసే ఒకరిద్దరు తప్ప అలికిడి ఉండదు. సైకిల్ చైను చప్పుడు కూడా వినిపిస్తుంది.

తమిళనాడులోని పళని కొండల్లో, సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్న ఈ పట్టణానికి తెలుగువారు కొత్త కాదు. కొత్త జంటలు, వేసవి సెలవుల కుటుంబాలు, కాలేజీ విహారయాత్రల బస్సులు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నాయి. అయితే చాలామంది చూసేది కారు కిటికీలోంచి కనిపించే కొడైనే. ఒక రోజులో పది, పన్నెండు 'పాయింట్లు' చూపించి దించేసే టాక్సీ ప్యాకేజీ అది. గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి కనిపించే కొడై వేరు.

మనిషి తవ్వించిన అందం

నక్షత్రం ఆకారంలో వంపులు తిరిగిన ఈ సరస్సు ప్రకృతి సహజంగా ఏర్పడిందేమీ కాదు. మదురై కలెక్టర్‌గా ఉన్న వేర్ హెన్రీ లెవింజ్ 1863లో ఇక్కడి వాగుకు అడ్డుకట్ట వేయించి, చిత్తడి నేలను సుమారు 60 ఎకరాల చెరువుగా మార్చారు. తొలి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించారు. 1890లో బోట్ క్లబ్ వెలిసింది. సరస్సు నుంచి పొంగిన నీరే పట్టణానికి 8 కి.మీ. దిగువన, ఘాట్ రోడ్డు పక్కన సిల్వర్ కాస్కేడ్ జలపాతంగా దూకుతుంది. ఒడ్డున రోడ్డు మీద ఏది పారేసినా చివరికి చేరే దారి అదే.

ఆ రోజుల్లో మైదానం నుంచి పైకి రావాలంటే కాలిబాటే గతి. దొరలు గుర్రాల మీదో డోలీల్లోనో వస్తే, మోసేవాళ్లు నడిచి వచ్చేవారు. మోటారు రోడ్డు పూర్తయింది గత శతాబ్దం రెండో దశకంలోనే. అంటే ఈ ఊరి వీధులు, సరస్సు కట్ట, 1872 నాటి కోకర్స్ వాక్ వంటివన్నీ కాలినడకనూ గుర్రాలనూ దృష్టిలో పెట్టుకుని రూపొందినవే. సైకిల్ ఇక్కడ ఇంత సహజంగా ఇమిడిపోవడానికి, కారు అంతగా ఇరుక్కుపోవడానికి ఒక కారణం ఇదే.

మొదటి దారి: సరస్సు చుట్టూ

సరస్సు చుట్టూ రోడ్డు సుమారు 5 కి.మీ. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. చాలా ఏళ్ల తర్వాత సైకిలెక్కినవారు కూడా ఆగుతూ సాగుతూ ముప్పావు గంటలో తిరిగి రావచ్చు. బోట్ హౌస్ దగ్గర సైకిళ్లు గంటల లెక్కన అద్దెకిస్తారు. ఇద్దరు కలిసి తొక్కే జోడీ సైకిళ్లూ దొరుకుతాయి. తీసుకునే ముందు రెండు బ్రేకులూ పట్టి చూడటం, సీటు ఎత్తు సరిచేయించుకోవడం మరవకూడదు. అద్దె సైకిళ్లు సరస్సు చుట్టుకే సరి. వాటితో ఘాట్ రోడ్డు దిగే సాహసం వద్దు.

ఎటు తిరగాలన్న దానికీ ఒక లెక్క ఉంది. గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తే దేవుడు కుడి చేతివైపు ఉంటాడు. రోడ్డు మీద మన నడక ఎడమవైపు కాబట్టి నీటిని ఆనుకుని సాగాలంటే ఇక్కడ ప్రదక్షిణకు ఎదురు దిశలో తిరగాలి. అప్పుడు ఎడమ పక్కన సరస్సు, కుడి పక్కన మాత్రమే వాహనాలు ఉంటాయి. సీజన్‌లో పోలీసులు వన్ వే పెడితే మాత్రం వారు చెప్పిన దిశే ఖాయం.

రెండో దారి: సూర్యుడి గుట్ట

కాళ్లు కాస్త అలవాటు పడ్డాక సరస్సు దగ్గర నుంచి పడమరగా అబ్జర్వేటరీ రోడ్డు ఎక్కవచ్చు. నాలుగైదు కిలోమీటర్ల చిన్న ఎక్కుడే కానీ, మైదానాల నుంచి వచ్చినవారికి ఈ ఎత్తులో గాలి పలచన అని మొదటి మలుపులోనే తెలిసిపోతుంది. తేలిక గేరు వేసి, మాట్లాడుతూ తొక్కగలిగే వేగానికి మించకుండా పోవడమే మందు.

పైన 2,343 మీటర్ల ఎత్తున ఉన్న సౌర వేధశాల 1899లో మొదలైంది. సూర్యుడి మచ్చల్లో వాయువులు కేంద్రం నుంచి వెలుపలికి ప్రవహిస్తాయని జాన్ ఎవర్‌షెడ్ 1909లో కనుగొన్నది ఇక్కడే. హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కుమారుడు వైను బప్పు 1960లో దీనికి డైరెక్టర్ అయ్యారు. వందేళ్లకు పైగా ఇక్కడి శాస్త్రజ్ఞులు సూర్యుణ్ని ఫొటోలు తీస్తూనే ఉన్నారు. అందుకు కావలసింది నిర్మలమైన ఆకాశం. సైకిల్‌దారులకు కావలసిందీ అదే.

మూడో దారి: వెల్లుల్లి ఊరికి

అసలైన ప్రశాంతత పట్టణం దాటాకే మొదలవుతుంది. పడమటి దిక్కున సుమారు 18 కి.మీ. దూరంలో పూంబారై ఉంది. అడవిలోంచి వంపులు తిరుగుతూ వెళ్లే రోడ్డు ఒక మలుపులో హఠాత్తుగా తెరుచుకుంటుంది. కింద లోయలో మెట్లు మెట్లుగా చేలు, వాటి నడుమ గుత్తిగా ఇళ్లు కనిపిస్తాయి. కుళందై వేలప్పర్ పేరుతో మురుగన్ కొలువైన పాత గుడి ఊళ్లోనే ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన కొడైకెనాల్ కొండ వెల్లుల్లికి ఈ ఊరు పేరుపడింది.

ఓపిక ఉంటే మరో పదిహేను, ఇరవై కిలోమీటర్లు వెళ్లి మన్నవనూర్ చేరవచ్చు. పచ్చిక బయళ్లు, చిన్న సరస్సు, కేంద్ర ప్రభుత్వ గొర్రెల పరిశోధన కేంద్రం అక్కడి ప్రత్యేకతలు. అయితే ఈ దారిలో ఒక మెలిక ఉంది. వెళ్లేటప్పుడు మొత్తం మీద దిగుడు ఎక్కువ. హాయిగా జారిపోయిన ప్రతి కిలోమీటరునూ సాయంత్రం ఎక్కి తీర్చాలి. సగం నీళ్లు, సగం బలం తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి. అనుభవం లేనివారు పూంబారై నుంచే వెనుదిరగడం మేలు.

నాలుగో దారి: అడగకుండా వెళ్లకూడదు

పిల్లర్ రాక్స్, పైన్ తోటల మీదుగా మోయర్ పాయింట్ వరకూ ఉన్న రోడ్డు టాక్సీ ప్యాకేజీల రాజమార్గం. తొమ్మిది దాటితే అటు సైకిల్ తిప్పకపోవడమే మంచిది. అక్కడి గేటు దాటి బేరిజం సరస్సుకు వెళ్లే అడవి దారి మాత్రం నిశ్శబ్దానికి పెట్టింది పేరు. పెరియకుళం పట్టణానికి తాగునీరిచ్చే సరస్సు అది. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పరిమిత సంఖ్యలోనే వాహనాలను వదులుతారు. సైకిళ్ల సంగతి ముందుగా అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే బయల్దేరాలి. ఆ దారి నిశ్శబ్దంగా మిగిలిందంటే ఆ గేటు పుణ్యమే.

లెక్కకు అందిన రద్దీ

ఆ గేటు కిటుకునే మద్రాస్ హైకోర్టు మొత్తం పట్టణానికి వర్తింపజేసింది. ఊటీ, కొడైకెనాల్‌లకు వచ్చే వాహనాలకు ఈ-పాస్ ఉండాలన్న ఆదేశం 2024 మే 7న అమల్లోకి వచ్చింది. 2025 వేసవిలో కోర్టు ఇంకో అడుగు వేసింది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు కొడైకి మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000 వాహనాలనే అనుమతించాలంది. స్థానికుల వాహనాలకు, బస్సులకు, రైతుల సరుకు బళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఈ కొండలు అసలు ఎన్ని వాహనాలను మోయగలవో తేల్చే పనిని ఐఐటీ మద్రాస్, ఐఐఎం బెంగళూరు నిపుణులకు అప్పగించారు.

పరిమితి విధించాక కూడా అంకె చిన్నదేం కాదు. కారు పొడవు 4 మీటర్లు అనుకుంటే, 4,000 కార్లను ఒకదానికొకటి ఆనించి నిలబెడితే 16 కి.మీ. వరుస అవుతుంది. అంటే 5 కి.మీ. సరస్సు రోడ్డు చుట్టూ మూడు చుట్లు తిరిగి ఇంకా మిగులుతుంది. వారాంతపు 6,000 అయితే దాదాపు ఐదు చుట్లు.

ఆంక్షల పట్ల హోటళ్లు, టాక్సీలు, దుకాణాల వారి ఆందోళన తోసిపుచ్చదగినది కాదు. మూడు నెలల సీజన్ సంపాదనతో ఏడాది గడిపే ఇళ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. కానీ పరిమితి పెట్టింది వాహనాలకు, మనుషులకు కాదు. బస్సులో వచ్చి, గది తీసుకుని, సైకిల్ అద్దెకు పట్టి, పూంబారైలో భోంచేసే యాత్రికుడు ఊరికి డబ్బు తెస్తాడు, రోడ్డుకు బరువు తేడు. ఒక్క రోజులో పాయింట్లన్నీ చూసి దిగిపోయే కారు కన్నా రెండు రాత్రులు ఉండే సైకిల్ మేలని లెక్క వేయడానికి ఆర్థికశాస్త్రం అక్కర్లేదు.

వెళ్లేవారికి

రైల్లో వచ్చేవారు సుమారు 80 కి.మీ. దూరంలోని కొడై రోడ్ స్టేషన్‌లో దిగి బస్సు ఎక్కవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. చలి ఎక్కువే అయినా వాన తక్కువ, రద్దీ తక్కువ. అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలు కొండ చరియలను సైతం కదిలిస్తాయి. ఏ కాలంలోనైనా మధ్యాహ్నానికి మంచు కమ్ముకోవచ్చు కాబట్టి వెనక ఎర్ర లైటు, మెరిసే జాకెట్ ఉండాలి. అయిదు లీటర్లలోపు ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు కొండ మీద నిషేధం ఉంది, సొంత సీసా తెచ్చుకోవాలి.

పళని వైపు ఘాట్ దిగేవారు బ్రేకులు పట్టి ఉంచేయకుండా మలుపుకు ముందు నొక్కి, మలుపులో వదలాలి. మధ్యమధ్య ఆగి రిమ్ములను చల్లారనివ్వాలి. ఇంకో హెచ్చరిక: తెల్లవారుజామున పట్టణం వీధుల్లోనే అడవి దున్నలు తిరుగుతుంటాయి. ఎదురైతే బెల్లు కొట్టకుండా, ఫొటో కోసం దగ్గరికి పోకుండా, దూరంగా ఆగి దారి ఇవ్వడమే పద్ధతి.

ఈ కొండలకు ఒక గడువు కూడా ముంచుకొస్తోంది. పన్నెండేళ్లకోసారి వాలులను నీలంగా మార్చే కురింజి పువ్వు చివరిసారి 2018లో విరగబూసింది. లెక్క ప్రకారం మళ్లీ 2030లో. ఆ ఏడాది ఇక్కడికి ఎంతమంది వస్తారో ఊహించడం కష్టం కాదు. వాళ్లంతా తలా ఒక కారులో వస్తే పువ్వులు చూడటానికి కాదు, ముందున్న బండి వెనక అద్దం చూడటానికి వచ్చినట్టే అవుతుంది.