నడక ఎందుకు ఆగిపోతుంది?

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీద బుగులు వెంకటేశ్వర స్వామి కొలువై ఉన్నాడు. కుబేరుడి అప్పు ఎట్లా తీర్చాలన్న బుగులుతో, అంటే దిగులుతో, స్వామి ఇక్కడికొచ్చి తపస్సు చేశాడని స్థలపురాణం చెబుతుంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తమ కష్టాలు చెప్పుకోవడానికి ఆ గుట్ట ఎక్కుతారు. ఇప్పుడు ఆ కష్టాల్లో షుగరు కూడా చేరింది. రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన రోజు డాక్టర్ గోలీలు రాసి, "రోజూ నడవాలి" అంటాడు. మర్నాడు చీకటితోనే లేచి రోడ్డెక్కుతారు. కొన్ని వారాలు గడిచాక చూస్తే ఆ రోడ్డు మీద వాళ్లు కనిపించరు.

ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. ఆసుపత్రిలో "ఎంత చెప్పినా వినరు" అంటారు. రెండూ తొందరపాటు మాటలే.

నడక ఎంత అవసరమో చాలామందికి తెలుసు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే తేల్చింది. అలా అంచున ఉన్న 531 మంది మీద చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ గోలీ వేసుకున్నవాళ్లలో 26.4 శాతం తగ్గింది. అంటే నడక, పథ్యం కలిసి గోలీకి ఏమాత్రం తీసిపోలేదు. కండరం పనిచేస్తున్నంతసేపూ ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని శరీరానికి ఇంతకన్నా మేలు చేసేది ఏముంటుంది?

తెలిసినా నిలవకపోవడానికి మొదటి కారణం భయం మీద ఆధారపడటం. కాళ్లు తీసేస్తారు, కిడ్నీలు పోతాయి అని బెదిరిస్తే మనిషి కొన్నాళ్లు కదులుతాడు. కానీ షుగరుకు నొప్పి లేదు. ఇవాళ నడిచినా నడవకపోయినా ఒంట్లో తేడా తెలియదు. నష్టం ఎప్పుడో పదేళ్ల తర్వాత, తెల్లారగట్ల నిద్ర మాత్రం ఇప్పుడే. దూరంగా ఉన్న లాభం కన్నా కళ్లెదుట ఉన్న సుఖానికి ఎక్కువ విలువ ఇవ్వడం మనుషులందరి మనస్తత్వం. నెల తిరిగేసరికి బుగులు చల్లారుతుంది, దానితోపాటే నడక కూడా.

అందుకే లాభం వెంటనే కనబడే దారి వెతకాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు టైప్ 2 షుగరు ఉన్న 41 మందిని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడిచినప్పటికన్నా, మూడు పూటలా తిన్న తర్వాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు భోజనం తర్వాతి షుగరు 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం తక్కువ. ఇంట్లో గ్లూకోమీటర్ ఉన్నవాళ్లు ఈ తేడాను తామే చూసుకోవచ్చు. తన కాళ్లే ఆ అంకెను దించాయని కళ్లారా చూసిన మనిషికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

"పొద్దంతా పొలంలనే ఉంటి, ఇంక నడుసుడేంది?" అనే మాట ఈ ప్రాంతంలో ఎవరైనా అంటారు. దాన్ని సాకుగా కొట్టిపారేయకూడదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో షుగరు ఉన్న భారతీయ, పాకిస్తానీ మూలాల వారితో మాట్లాడి జూలియా లాటన్ బృందం 2006లో రాసిన వ్యాసంలోనూ ఇలాంటి కారణాలే వినిపించాయి. ఇంటి పని, బతుకుదెరువు పని ముందు, ఒంటి కోసం విడిగా సమయం తీసుకోవడం స్వార్థం అనిపిస్తుంది. ఆడవాళ్లకు ఒక్కరే బయట తిరగాలంటే నామోషీ. పల్లెల్లో "ఈమెకేం పనిలేదా" అని చూసే చూపులు నడకను ఆపేస్తాయి.

నాటు వేయడం, పత్తి ఏరడం ముమ్మాటికీ శ్రమే. కైకిలికి వెళ్లే ఆమెకు ఆ మాట గౌరవంగా చెప్పాలి. కానీ దున్నడానికి ట్రాక్టర్, కోతకు మిషన్, పొలం దాకా బండి వచ్చాక శ్రమ సీజన్‌కే పరిమితమైంది. వడ్లు అమ్ముకున్నాక వచ్చే ఖాళీ నెలల్లో కదలిక బాగా పడిపోతుంది. "నువ్వు కష్టపడటం లేదు" అంటే ఎవరికైనా రోషం వస్తుంది. "పని లేని నెలల్లో ఏం చేద్దాం పెద్దమ్మా?" అని అడిగితే ఆలోచిస్తారు.

అమెరికా మానసిక శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ 1985లో పుస్తకంగా తెచ్చిన సిద్ధాంతం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. ఏ పనైనా నిలవాలంటే దాన్ని తానే ఎంచుకున్నానన్న భావన కావాలి, చేయగలనన్న నమ్మకం కావాలి, తోడు మనుషులు కావాలి. బతుకమ్మ రోజులు గుర్తుచేసుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ రోజుల్లో చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ గంటలకొద్దీ ఆడే ఆడవాళ్లు వ్యాయామం చేస్తున్నామని అనుకోరు. మోకాళ్ల నొప్పులున్న అవ్వ కూడా రెండు చుట్లు తిరుగుతుంది. పదిమంది ఉన్నారు, పాట ఉంది, ఎవరూ వేలెత్తి చూపరు. అదే ఆడవాళ్లు సాయంత్రం పూట పల్లె ప్రకృతి వనంలోని బాట మీద గుంపుగా నడిస్తే చూసేవాళ్ల నోళ్లు వాటంతటవే మూతపడతాయి.

ఆయాసపడేలా నడిస్తేనే ఫలితమన్న అపోహ కూడా చాలామందిని మాన్పిస్తోంది. శ్రమ శక్తికి మించితే మనసుకు అయిష్టం పుడుతుంది, అయిష్టమైన పనిని మనిషి మళ్లీ తలపెట్టడు. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రకటించిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి కొందరికి 18 రోజులు పడితే కొందరికి 254 రోజులు పట్టొచ్చని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. పెళ్లికో చావుకో వెళ్లి రెండ్రోజులు మానేసినవాళ్లు "ఇంక మనతో కాదు" అనుకోవాల్సిన పనిలేదు.

కొందరి విషయంలో అడ్డు పడేది దిగులు. షుగరు ఉన్నవాళ్లలో కుంగుబాటు మిగతావారికన్నా దాదాపు రెట్టింపు. విశాఖపట్నంతో సహా దేశంలోని నాలుగు కేంద్రాల్లో ఈ రెండూ ఉన్న 404 మందితో జరిగిన అధ్యయనం 2020లో అచ్చయింది. డాక్టర్లకు తోడు, తరచూ పలకరించి ధైర్యం చెప్పే సహాయకులను పెడితే 100లో సుమారు 72 మందికి దిగులూ తగ్గింది, షుగరో బీపీనో కొలెస్ట్రాలో కూడా మెరుగైంది. మామూలు చికిత్సలో ఆ సంఖ్య 57. పలకరింపు ఎంత పనిచేస్తుందో ఇక్కడ తెలుస్తోంది. అదే పలకరింపు ఫోన్‌కే పరిమితమైతే? దక్షిణ భారతంలో 537 మంది పురుషులకు సెల్‌ఫోన్ సందేశాలు పంపిన 2013 నాటి అధ్యయనంలో షుగరు ముప్పు 36 శాతం తగ్గింది. అయితే మేలంతా తిండి మార్పు వల్లే ఎక్కువగా వచ్చింది, నడకలో పెద్ద తేడా లేదు. గడప దాటించడానికి మనిషే రావాలన్నది ఈ రెంటినీ పక్కపక్కన పెడితే అనిపించే మాట.

జాగ్రత్తలు మరవకూడదు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్లకు నడకలో షుగరు పడిపోవచ్చు, జేబులో గ్లూకోజో బెల్లం ముక్కో ఉండాలి. తిమ్మిర్లున్న కాళ్లకు చెప్పుల్లేని నడక వద్దు, పుండ్లున్నాయేమో రోజూ అరికాళ్లు చూసుకోవాలి. ఛాతీలో నొప్పి, కంటి రెటీనా సమస్య ఉంటే ముందు డాక్టర్‌ను అడగాలి.

ముప్పై ఏళ్లు దాటినవారికి ఆశా, ఏఎన్ఎం అక్కలు ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూస్తున్నారు. ఆ కాగితం మీద అంకె రాశాక మరో రెండు నిమిషాలు కూర్చుని, ఏ పూట తిన్నాక నడుస్తావు, ఎవరితో నడుస్తావు అని అడగాలి. ఆ జవాబును కూడా కాగితం మీద రాసి, వచ్చే నెల మళ్లీ అదే అడగాలి. ఇంట్లో షుగరున్న మనిషి ఉన్నవాళ్లు "నడిచొచ్చినవా?" అని అడగడం మాని, ఈ రాత్రి బువ్వ తిన్నాక చెప్పులేసుకుని వాళ్లతోపాటు బయల్దేరండి.